రాత్రి ఎనిమిదిన్నరకు కనిపించిన తేలు

దయ్యాల కథలంటే నాకు భయం కంటే విసుగే ఎక్కువ. ఆదోనిలో బీకాం చదివేటప్పుడు హాస్టల్లో లైటు తీసేసి అమ్మాయిలు చెప్పుకుంటుంటే, నేను దుప్పటి కప్పుకుని నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ అలాంటివి నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నా భయం వేరు. మా పాప నిత్యకు రెండేళ్ళప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఐదేళ్ళు దాటేదాకా జ్వరమొస్తే కనిపెట్టుకుని ఉండమని డాక్టరు చెప్పారు. ఆ రోజు నుంచి రాత్రిపూట నాకు సరైన నిద్ర లేదు. గంటకోసారి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. జ్వరం లేని రోజుల్లో కూడా.

మేముండేది ఎమ్మిగనూరులో. మా ఆయన ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో పని చేస్తారు. పత్తి సీజనులో రాత్రి డ్యూటీలే. ఇంట్లో నేను, పాప, మా మామ.

"నిద్రపోయే బిడ్డకి కాపలా యేందిమ్మా? ఎవరన్నా ఎత్తుకపోతారా?" అని మామ నవ్వేవాడు.

ఇలాగైతే నాకే ఏదో అవుతుందని పోయిన చలికాలంలో ఒక నిర్ణయానికి వచ్చాను. ఎటూ మేలుకునే ఉంటున్నాను కాబట్టి ఏదైనా నేర్చుకోవాలి. ఫోన్లో నక్షత్రాల పటం దొరికితే ప్రింటు తీయించుకున్నాను. పాప పడుకున్నాక, రోజూ ఎనిమిదిన్నరకు మిద్దె ఎక్కి అరగంట కూర్చోవాలి. నోటుబుక్కులో పైన తేదీ, టైము వేయాలి. కనపడింది ముందు గీయాలి, పేరు తర్వాత వెతుక్కోవాలి. ఇవీ నేను పెట్టుకున్న నియమాలు.

మొదటి వారం ఒక్క చుక్కా పటంతో కలవలేదు. పటంలో తూర్పు ఎడమవైపు ఉంది. తప్పు అచ్చయిందేమో అనుకున్నాను. మామ మిద్దె మీదికి వచ్చి, నేను పటాన్ని నేల మీద పరిచి వంగి చూడటం చూశాడు.

"ఆకాశాన్ని కింద పర్సుకుంటే యాడ కలుస్తాదిమ్మా? నెత్తి మీదికెత్తి పట్టుకో."

ఎత్తి పట్టుకుంటే తూర్పు తూర్పులోనే ఉంది. ఆ రోజే వరసగా మూడు చుక్కలు గుర్తుపట్టాను. మామ దాన్ని గొల్లకావడి అన్నాడు. తర్వాత చిన్న చుక్కల గుంపు, పిల్లలకోడి దొరికింది. నెల తిరిగేసరికి, రాత్రి గడిచేకొద్దీ కావడి పడమరకు వాలిపోయి, తెల్లవారేలోపే అస్తమిస్తుందని మామ చెప్పగా తెలిసింది. పాప ఊపిరి చూడటం గంటకోసారి నుంచి రాత్రికి రెండుసార్లకు తగ్గింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పాప ఒళ్ళు కాస్త వెచ్చగా అనిపించింది. కొలిస్తే తొంభైతొమ్మిది. సిరప్ వేసి పడుకోబెట్టాను. ఆ రోజు మిద్దె ఎక్కకూడదనుకున్నాను.

"నేనీడనే ఉండా గదా. పోయి నీ చుక్కలు సూసుకో, పో," అన్నాడు మామ, టీవీ ముందు కూర్చుని.

భయానికి మళ్ళీ లొంగిపోకూడదని మనసు గట్టి చేసుకుని ఎక్కాను. నోటుబుక్కులో టైము 8.35 అని ఉంది. ఆ రోజు కావడి చుట్టూ ఉన్న చుక్కలన్నీ పూర్తిగా గీయాలనుకున్నాను. ఒక్కసారి తలెత్తి కావడిని చూసి, పేజీకి గీతలు కొట్టుకున్నాను.

మళ్ళీ తలెత్తేసరికి ఆగ్నేయంలో కొక్కెంలాంటి చుక్కల వరస కనపడింది. మధ్యలో ఒక ఎర్ర చుక్క. చివర, వంపు తిరిగిన చోట, పక్కపక్కనే రెండు చుక్కలు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కొత్తది దొరికిందన్న సంతోషంతో ముందు అదే గీశాను.

అది కావడికి ఎంత దూరంలో ఉందో వేద్దామని నడినెత్తి మీదికి చూశాను. కావడి లేదు. పిల్లలకోడి లేదు. పడమర వైపు ఆఖరిదాకా వెతికాను. అస్తమించిందంటే తెల్లవారబోతోందన్నమాట. మిద్దె మీదే నిద్రపోయాను, పాపను రాత్రంతా వదిలేశాను అనుకుని ఒక్క ఉదుటున లేచాను. మెట్లు ఎలా దిగానో తెలియదు.

మామ టీవీ చూస్తూనే ఉన్నాడు.

గదిలో పాప బోర్లా పడి ఉంది. ముఖం దిండులో కూరుకుపోయి ఉంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. పక్కకు తిప్పితే పెదాలు నల్లబడి ఉన్నాయి. డాక్టరు నేర్పినట్టే ఒక పక్కకు పడుకోబెట్టి పట్టుకున్నాను. మామ పరుగున వెళ్ళి ఆటో తెచ్చాడు. పాపను ఎత్తుకుని ఆటో ఎక్కబోతూ పైకి చూశాను. కావడి నడినెత్తి మీద, రోజూ ఉండే చోటే ఉంది.

ఆసుపత్రి చీటీలో టైము 9.10.

పాప బాగైంది. ఇంటికొచ్చిన నాలుగో రోజు మామకు ఆ పేజీ చూపించాను.

"ఇది తేలు గదమ్మా! ఎద్దులబండ్ల కాలంలో పత్తి ఏసుకొని ఆదోని మార్కెట్టుకి పోయేవాళ్ళం. ఈ నెలల్లో తెల్లారుజామున తేలు కొండి పైకొచ్చినాక బండి కట్టేది. నువ్వెప్పుడు సూసినావు?"

"రాత్రి ఎనిమిదిన్నరప్పుడు, మామా."

"ఎనిమిదిన్నరకా? ఆ పొద్దుకు తేలు ఇంకా నేల కిందనే ఉంటాది." మామ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు.

తప్పు నాదే అయి ఉంటుందని వెతకడం మొదలుపెట్టాను. పదిహేను రాత్రులు అదే చోట, అదే టైముకు కూర్చున్నాను. ఆగ్నేయంలో ఆ కొక్కెం లేదు. పటాన్ని తిప్పి చూశాను, తలకిందులుగా చూశాను. ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి మామను వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాను. తేలు అక్కడుంది. పేజీ పక్కన పెట్టి ఒక్కో చుక్కా పోల్చాను. కొండి చివరి జంట చుక్కలతో సహా అన్నీ కలిశాయి. అంతకుముందు నేను ఆ వేళప్పుడు మిద్దె ఎక్కిందే లేదు. నిద్రలో కల కన్నాననుకుందామంటే, ఆ గీత పెన్నుతో గీసింది. నా చేత్తోనే.

ఇంత వెతికినా నాకు సమాధానం దొరకలేదు. దేవుడనీ, పోయిన పెద్దవాళ్ళనీ చుట్టాలు తలా ఒకటి చెప్పారు. నేను ఏదీ ఒప్పుకోలేకపోయాను, ఏదీ కాదనలేకపోయాను.

నాకు తెలిసింది ఒక్కటే. ఆ రాత్రి కావడి దాని చోట కనపడి ఉంటే, నేను తొమ్మిది దాకా తల వంచుకుని దాన్నే గీసుకుంటూ కూర్చునేదాన్ని.