ఫోటోలో కురిసిన వాన

ఏలూరులో చలపతిరావు స్టూడియో వెనకగదిలో రెండు కంప్యూటర్లుండేవి. ఒకదాని ముందు తాతారావు కూర్చుని పెళ్లి వీడియోలు మిక్సింగు చేసేవాడు. పూలవాన, మెరుపులు, మంచు, అన్నీ అతని చేతిలోనే. రెండోదాని ముందు ప్రసన్నకుమారి. పెదపాడులో నాట్లు వేసే రూతమ్మ కూతురు, వట్లూరులో కంప్యూటర్ కోర్సు చేసిన పిల్ల. ఫోటోల్లో మొహాలు తెల్లగా చెయ్యడం ఆమె పని. పెళ్లికూతురు ఏ రంగులో పుట్టినా ఆల్బంలో మాత్రం పాలమీగడలా తేలాల్సిందే. ఎవరూ అడక్కుండానే జరిగిపోయే ఆ పనిని స్టూడియోలో 'క్లీనింగు' అనేవారు. నల్లగా పుట్టడం ఏదో మురికైనట్టు.

తాతారావు భోజనానికి వెళ్లినప్పుడల్లా ప్రసన్న అతని కుర్చీలోకి జారుకునేది. అలా చూసి, చెరిపి, మళ్లీ చేసి ఆ పనంతా నేర్చేసుకుంది. మిక్సింగు తనకూ ఇమ్మని అడిగితే చలపతిరావు నవ్వేవాడు.

"ఆడపిల్లవి. హాయిగా నీడపట్టున కూర్చుని క్లీనింగు చేసుకోమ్మా."

"తాతారావు గారేమైనా ఎండలో కూర్చుని చేస్తున్నారా సార్?"

ఆ మాటకీ నవ్వేసేవాడు. కుర్చీ మాత్రం దక్కేది కాదు.

రెండు వేల నాలుగు వేసవిలో కొల్లేటి లంకలో ఒక పెళ్లి జరిగింది. సరిగ్గా తాళి కట్టే వేళకి గాలివాన విరుచుకుపడింది. కరెంటు పోయింది, వీడియో కెమెరా తడిసి టేపు పాడైపోయింది. పెట్రోమాక్స్ లైటు వెలుగులో తీసిన కొన్ని ఫోటోలు మిగిలాయి, అంతే. పెళ్లికూతురు దేవకుమారి తల్లి రాజ్యం నేరుగా స్టూడియోకి వచ్చి కూర్చుంది.

"ఏవండీ, మా పిల్ల పెళ్లి జరిగినట్టా, జరగనట్టా?"

"వాన నా చేతిలో ఉందాండీ? మీ అమ్మాయి చిన్నప్పుడు పచ్చిబియ్యం బొక్కి ఉంటుంది. అందుకే పెళ్లిలో వాన పడింది" అన్నాడు చలపతిరావు.

"బొక్కిందండీ, కాదన్లేదు. కెమెరాకి గొడుగు పట్టడం కూడా పెళ్లికూతురి పనేనాండీ?"

ఆ వారం తాతారావు తాడేపల్లిగూడెంలో మరో పెళ్లి పనిలో ఉన్నాడు. మిగిలిన ఫోటోలతోనే ఏదైనా చెయ్యమని చలపతిరావు అడిగితే, ఫోటోలు పెట్టి వీడియో చెయ్యడమేంటని ఫోన్లోనే తీసిపారేశాడు. ప్రసన్న లేచి నిలబడింది.

"నేను చేస్తానండి. ఆ వాననే ఫోటోల్లో కురిపిస్తాను."

చలపతిరావు ఆమెను ఎగాదిగా చూశాడు. "సరే చెయ్యి. వాళ్లకి నచ్చకపోతే మాత్రం ఇంక మిక్సింగు మాట ఎత్తకూడదు."

ప్రసన్న తాతారావు కుర్చీలో కూర్చుంది. కదలని ఫోటో మీద వాన గీతలు గీసింది. దగ్గరి చినుకులు లావుగా, వేగంగా. దూరపువి సన్నగా, నెమ్మదిగా. మీట నొక్కగానే పందిరి మీద నిజంగా వాన దిగింది. ఉరుముల చప్పుడు కలిపింది. పెట్రోమాక్స్ చుట్టూ పచ్చటి వెలుగు పోసి, గాలికి వణికినట్టు వణికించింది. ఇక మెరుపు ఒక్కటే మిగిలింది. అది మెరిసిన క్షణంలో పెళ్లికూతురి మొహం మాయమైపోయింది.

ప్రసన్న తెల్లబోయింది. చేతికి అలవాటైన పని కదా, ముందే మొహాన్ని తెల్లగా చేసేసింది. తెలుపు మీద తెల్లని మెరుపు పడితే కళ్లూ ముక్కూ ఏం మిగుల్తాయి? చేసిన క్లీనింగంతా తీసేసింది. దేవకుమారి అసలు రంగు, కొల్లేటి ఎండలో పెరిగిన నలుపు, తిరిగొచ్చింది. మళ్లీ మెరిపించింది. ఈసారి వెలుగు ఆ చెంప మీద, ముక్కుపుడక మీద, వానచుక్కల మీద నిలిచింది. ఇన్నాళ్లూ ఎంతమంది మొహాల్లోంచి వెలుగు తుడిచేశానా అనుకుంది ప్రసన్న. తన రంగూ అదే కదా.

ఆదివారం పట్టపగలు రాజ్యం ఇంటి వరండాలో టీవీ పెట్టారు. ఊరంతా కూర్చుంది. ప్రసన్న టీవీ దగ్గర కూర్చుంది, చలపతిరావు చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. సీడీ తిరిగింది. ఉరుము ఉరిమింది, వాన హోరెత్తింది. అంతే, వెనక కూర్చున్న ఆడవాళ్లు దిగ్గున లేచి పెరట్లోకి పరుగెత్తారు. చాపల మీద ఎండబెట్టిన చేపల్ని గబగబా గంపల్లోకి ఎత్తేశారు. ముసలమ్మ వెంకటనరసమ్మ గంప నెత్తిన పెట్టుకున్నాక ఆకాశంకేసి చూసింది. మబ్బుతునక లేదు.

"ఓసి నీ వాన బంగారం గానూ, నా నడుం విరిచేశావు కదే" అంది ప్రసన్నని. వరండా అంతా నవ్వులే.

దేవకుమారి మాత్రం తెర వదల్లేదు. "అమ్మా, అది నేనే. అచ్చంగా నేనే" అంది. రాజ్యం కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదట్నించీ వెయ్యమంది. చేపలు ఈసారి గంపల్లోనే ఉండనిచ్చారు.

సోమవారం చలపతిరావు తనే రెండో కుర్చీని లాక్కొచ్చి తాతారావు కుర్చీ పక్కన వేశాడు. "ఇవాళ్టి నించి నువ్వూ మిక్సింగే. తీరిక దొరికినప్పుడు ఆ క్లీనింగు కూడా చూడు."

"అదింక చెయ్యనండి" అంది ప్రసన్న, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "వెలుగైతే ఎంత కావాలంటే అంత వేస్తాను."

చలపతిరావు బయట ఎవరో పిలిచారన్నట్టు ముందుగదిలోకి వెళ్లిపోయాడు. ప్రసన్న అప్పటికే కొత్త ఫోటో తెరిచి, దాంట్లో పొద్దు పొడిపించే పనిలో పడింది.