గుడ్డ కట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మోత్కూరు నుంచి వచ్చే మొదటి బస్సు ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మా ఊళ్లో ఆగేది. ఆ చప్పుడు వినగానే నేను దువ్వెన, రిబ్బను, కొబ్బరినూనె సీసా పట్టుకుని పక్కింటి అక్క ముందు కూర్చునేదాన్ని. మా అమ్మ చనిపోయిన నెలలో ఇది మొదలైంది. రమ్మని అక్క అనలేదు, జడ వేయమని నేను అడగలేదు. అమ్మ పోయాక మూడు రోజులు జుట్టు విరబోసుకుని తిరిగాను. నాలుగో రోజు మా బాపు నా జుట్టును గడ్డిమోపు కట్టినట్టు తాడుతో బిగించి కట్టాడు. అది చూసి అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని నన్ను తన ముందు కూర్చోబెట్టుకుంది.

ఆమె మాకు చుట్టం కాదు. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో. పెళ్లయిన రెండేళ్లకే భర్త చనిపోతే తల్లిగారింటికి వచ్చింది. తర్వాత తల్లి కూడా పోయింది. పిల్లలు లేరు. కూలికి వెళ్లి ఒక్కతే బతికేది. జడ వేస్తున్నంతసేపు మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమె వేళ్లు నా మెడ వెనక కదులుతుంటే నిద్ర వచ్చినట్టుండేది. మా బాపు చీకటితోనే పనికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. రోజు మొత్తంలో ఎవరైనా నన్ను తాకేది ఆ పది నిమిషాలే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఈస్టరు దాటిన ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరు గారి భార్య లేచి పిల్లల క్యాంపు సంగతి చెప్పింది. ఆమెను మేం అమ్మగారు అనేవాళ్లం. నల్గొండలో ఐదు రోజులు. అక్కడే తిండి, అక్కడే పడక. కంచం, గ్లాసు, దుప్పటి, బైబిలు, రెండు జతల బట్టలు తెచ్చుకోవాలి. బైబిల్లోంచి పది వాక్యాలు కంఠతా రావాలి. చివర ఇంకో మాట కలిపింది.

"ఆడపిల్లలు ఎవరి జడ వాళ్లే ఏసుకోవాలె. పోయినేడు పొద్దంత జడలతోనే సరిపోయింది మాకు. రానోళ్లు వచ్చే ఏడు పోతరు."

మా అమ్మ చిన్నతనంలో ఆ క్యాంపుకు వెళ్లింది. అక్కడ రాతి మెట్ల మీద కూర్చుని పాటలు నేర్చుకున్నామని చెప్పేది. నీకు తొమ్మిదేళ్లు రాగానే పంపుతాననేది. అమ్మ ఇస్తానన్న వాటిలో నాకు మిగిలింది ఆ ఒక్కటే. పది వాక్యాలు వారంలో నేర్చుకున్నాను. జడ మాత్రం రాలేదు.

అక్క రెండు రోజులు నేర్పబోయింది. చేతులు వెనక్కి పెడితే ఏ పాయ ఏదో నాకు తెలిసేది కాదు. భుజాలు నొప్పి పుట్టేవి. ఏడ్చి దువ్వెన ఆమె ఒళ్లో పడేసేదాన్ని. ఆమె తీసుకుని తానే వేసేసేది. నిజం చెప్పాలంటే నాకు నేర్చుకోవాలని లేదు. క్యాంపుకూ వెళ్లాలి, ఆ పది నిమిషాలూ పోకూడదు. రెండూ ఎలా కుదురుతాయో ఆలోచించే వయసు కాదు.

మూడో రోజు వెళ్లేసరికి ఆమె కుడిచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద పసుపు మరకలు.

"గంజి వంచుతుంటె చెయ్యి కాలింది బిడ్డా. పది దినాలు దువ్వెన పట్టరాదు."

"మరి నా తల ఎట్లక్కా?"

"నీ తల నీ దగ్గర్నే ఉన్నది గద. కూసో, నోటితోని చెప్త."

నేను అద్దం తెచ్చుకుంటే దాన్ని గోడ వైపు తిప్పి పెట్టింది. అద్దంలో కుడి ఎడమవుతుందని, కళ్లు మూసుకుంటే చేతికే తెలుస్తుందని అంది. మెడ దిగేదాకా వెనకే అల్లి, అందినప్పుడు భుజం మీదుగా ముందుకు తెచ్చుకోమంది. పాయ జారిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రమ్మంది. తాను మాత్రం ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నేనే జడ వేసుకున్న మొదటి రోజు బోరింగు దగ్గర ఒక పెద్దమ్మ నన్ను ఆపి, "ఏందే, నీ నెత్తిని కోడి గెలికిందా?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బిందె అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి అక్కతో చెప్పాను.

"పోయి చెప్పు," అంది అక్క, "కోడి గాదు పెద్దమ్మా, నేనే గెలికిన అని. గట్లనే బిందె తెచ్చుకో."

ఆరో రోజు బాపు ఉప్పు తెమ్మని చెప్పిపోతే, మధ్యాహ్నం దుకాణానికి బయలుదేరాను. దారిలో చింతపండు వ్యాపారి ఇంటి ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తున్నారు. వాళ్లలో అక్క ఉంది. సుత్తె ఆమె కుడిచేతిలోనే ఉంది. చేతికి గుడ్డ లేదు, అది నడుముకు దోపుకుని ఉంది. చర్మం మీద ఒక్క బొబ్బ కూడా లేదు. పక్కనున్న ఆమెతో ఏదో చెప్పి నవ్వుతోంది.

నేను గోడ చాటుకు తప్పుకున్నాను. తల్లి లేని పిల్ల తల రోజూ దువ్వలేక ఆమెకు విసుగొచ్చిందనుకున్నాను. వేరే అర్థం నాకు తోచలేదు. అమ్మ చెప్పకుండా పోయింది, ఈమె అబద్ధం చెప్పి వదిలించుకుంటోంది అనుకున్నాను. ఉప్పు తీసుకోకుండానే ఇంటికి వచ్చాను.

మర్నాడు ఆమె మళ్లీ గుడ్డ చుట్టుకుని కూర్చుంది. నేను చూసిన సంగతి చెప్పలేదు. మాట్లాడకుండా జడ అల్లుకున్నాను. కోపంలో ఉన్నందుకేమో, ఆ రోజు ఒక్క పాయ కూడా జారలేదు. "వచ్చిందే!" అని ఆమె రెండు చేతులూ చరచబోయి, గుర్తొచ్చి, మధ్యలో ఆపేసింది. ఆ మరుసటి రోజు నుంచి నేను మా ఇంట్లోనే వేసుకున్నాను.

వెళ్లే ముందు అమ్మగారు ఆడపిల్లలందరినీ నిలబెట్టి జడ విప్పి వేసి చూపించమంది. నేను కళ్లు మూసుకుని వేశాను. నా పేరు రాసుకుంది.

నల్గొండలో మా అమ్మ చెప్పిన మెట్లు ఉన్నాయి. మొదటి రోజు పొద్దున ఆ మెట్ల మీద మేళ్లచెరువు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల జుట్టు విరబోసుకుని ఏడుస్తోంది. జడ వచ్చని వాళ్లమ్మ అబద్ధం చెప్పి పంపిందట. తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. నేను వెనక మెట్టు మీద కూర్చుని వేశాను. ఐదు రోజులూ వేశాను. నేర్పుదామని ఒకరోజు చూస్తే ఆ పిల్ల దువ్వెన నా ఒళ్లో పడేసింది. నేను తీసుకుని వేసేశాను. అలా వేయడం నాకు హాయిగా ఉండేది. ఎందుకో ఆలోచించలేదు.

తిరిగొచ్చిన మర్నాడు పొద్దున జడ వేసుకుని అక్కకు చూపించడానికి వెళ్లాను. ఆమె చేతికి గుడ్డ లేదు. నన్ను వెనక్కి తిప్పి చూసింది.

"మంచిగొచ్చింది. పాపిటనే జర వంకరున్నది. ఇటు కూసో, దీస్త."

దువ్వెన అప్పటికే ఆమె చేతిలో ఉంది.

"వద్దక్కా. నాకొస్తది," అన్నాను.

ఆ మాట కోపంతో అన్నానో గర్వంతో అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు. "ఔ, నీకొస్తది గద," అంది. దువ్వెనలో చిక్కుకున్న తన వెంట్రుకలు లాగి, వేలికి చుట్టి, గోడ సందులో దోపింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఒకరోజు స్కూలుకు వెళ్తూ "నేనే వేసుకుంటా" అని దువ్వెన లాక్కుంటే, నా ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ కట్టుకుని అక్క ఏం వదులుకుందో అప్పుడు తెలిసింది. ఆ పది నిమిషాలు ఆమెకూ ఉండేవి. ఆమెనూ రోజు మొత్తంలో తాకేవాళ్లు ఇంకెవరూ లేరు.

పోయిన చలికాలంలో ఆమె భూస్థాపనకు వెళ్లాను. చింతపండు దగ్గర చూశానని ఆమెకు చెప్పనే లేదు. చెప్పడానికి యాభై ఏళ్లకు పైగా సమయం ఉండింది.

ఏదైనా నేర్పితే ఆ పిల్లలు మన దగ్గరికి రావలసిన పని ఒకటి తగ్గుతుంది. తెలిసే నేర్పాలి. ఎవరైనా నాకొస్తుందంటే నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను. ఎవరైనా నాకోసం ఏదైనా చేస్తామంటే మాత్రం, నాకు వచ్చిన పనైనా సరే, వద్దనను.

తెలంగాణ వచ్చాక జిల్లాలు మారి మా ఊరు ఇప్పుడు నల్గొండ జిల్లాలో లేదు. క్యాంపు మాత్రం ఇంకా జరుగుతోంది. ఈ వేసవిలో మా మనవరాలికి ఏమేం సర్దాలో మా అమ్మాయి ఫోనుకు జాబితా వచ్చింది. టార్చిలైటు, నీళ్ల సీసా, దోమల మందు. జడ ఊసు లేదు. పిల్ల జుట్టు చెవుల కిందికి కత్తిరించి ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి జడా ఎవరూ వేయరు.