స్టార్‌లో వంద వాట్ల బల్బు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, ఎల్‌ఈడీ బల్బంటే ఒళ్లుమంట. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో సామాను అందించి రిటైరైన మనిషి, కరెంటు తనే కనిపెట్టినట్టు మాట్లాడతారు. "ఆ తెల్ల లైటు కళ్లు తినేస్తాదమ్మా. పాత బల్బే సేఫ్. మీకేటి తెలుసు?" అనేవారు. ఫోనుకు ఎవరో పంపిన వీడియో ఒక్కటే ఆయన చదువంతా.

డిసెంబరు వస్తే క్రిస్మస్‌కని వరండాలో కాగితం స్టార్ కడతాం. ఆ ఏడు దాని కిందే మా అత్తయ్య మంచం. తుంటి ఎముక విరిగి లేవలేని మనిషి, ఇంటింటికీ పాడుతూ వచ్చే క్యారల్స్ వాళ్లను చూడాలని అక్కడ వేయించుకున్నారు. అందుకే స్టార్‌లో చిన్న ఎల్‌ఈడీ పెట్టాను. అది కరెంటు తాగదు, కాగితాన్ని కాల్చదు. పాత బల్బు తాగే కరెంటు వెలుగుకంటే వేడికే ఎక్కువ ఖర్చవుతుంది. ఈ మాట చెబితే బావగారు నవ్వారు.

మర్నాడు సాయంత్రం నేను టీ పెట్టుకుంటుంటే, ఆ మహానుభావుడు నా బల్బు పీకేసి, ఎక్కడో వెతికి తెచ్చిన వంద వాట్లది బిగించారు. వచ్చేవాళ్ల ముందు ఇల్లు వెలిగిపోవాలట!

"బావగారూ, కాగితం అంటుకుంటుంది. కింద అత్తయ్య ఉన్నారు" అన్నాను.

"నాను సిన్నప్పట్నించీ సూత్తన్నాను. ఏటీ అవదు" అన్నారు. నేను స్విచ్ దగ్గరకు వెళ్లేలోపే క్యారల్స్ వాళ్లు గేటు తీశారు.

పాటలయ్యాక ఇంటి పెద్దగా ఆయనే ప్రార్థన మొదలెట్టారు. ఆయన ప్రార్థనకు మొదలే గానీ చివర ఉండదు. ఆమెన్ అనేదాకా కళ్లు తెరవడం మాలో మర్యాద కాదు. అందరం కళ్లు మూసుకుని నిలబడ్డాం.

"మాడు వాసనొత్తంది" అన్నారు అత్తయ్య.

"పార్థనలో మాటాడకమ్మా" అని కళ్లు తెరవకుండానే కసిరి, మళ్లీ దీవెనల్లో పడ్డారు ఆయన.

నేను కళ్లు తెరిచాను. స్టార్ ఒక మూల నల్లబడి, అప్పుడే మంట అందుకుంటోంది. మంచం పట్టుకుని ఒక్క లాగు లాగాను. అంతసేపూ అత్తయ్య తల ఉన్న చోటే మండుతున్న కాగితం పడింది. ఆయన "ఆమెన్" అన్నది ఆ తర్వాతే.

స్విచ్ ఎవరో ఆపారు, నీళ్లు నేను పోశాను. బావగారు మాత్రం జనం వైపు తిరిగి, "సూశారా పార్థన బలం! అమ్మకి నిప్పురవ్వ తగల్లేదు" అన్నారు. ఆ ముఖం చూస్తే అసహ్యం వేసింది.

పెద్దకొడుకును ఏనాడూ పల్లెత్తు మాట అనని తల్లి మా అత్తయ్య. నా మణికట్టు పట్టుకుని, అందరికీ వినబడేలా అన్నారు:

"నన్ను లాగింది ఇదిరా. నువ్వు ఆమెన్ అన్నావు, అంతే."