ఇనుప మొలతో రాసిన తిట్లు

రాష్ట్రం కొత్తది. నా బి.ఏ. దానికంటే కొత్తది. ఆ ధైర్యంతోనే మార్కాపురం హైస్కూల్లో పిల్లల కోపం తగ్గించే పని నెత్తికెత్తుకున్నాను. పద్ధతి సులువు. కోపమొచ్చినవాడు తిట్టదల్చుకున్నదంతా పలక మీద రాయాలి, నాకు చూపించాలి, తడిగుడ్డతో తుడిచేయాలి. ఆ ఊళ్ళో పలకలకు కొదవ లేదు. తిట్లకు అసలే లేదు.

ఒకరోజు మధ్యాహ్నం పలకల గనిలో రాయి కొట్టే ఆయన కొడుకు బుసకొడుతూ నా గదికి వచ్చినాడు. దుకాణదారు కొడుకు వీళ్ళ నాయనను తాగుబోతన్నాడట. నిన్నటిదాకా ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నవాళ్ళే. ఇంకొక్క కొట్లాటయితే వీని పేరు కొట్టేస్తానని హెడ్మాస్టరు ముందే చెప్పి ఉన్నాడు. పరీక్షలు దగ్గరికొచ్చినాయి.

పలక ఇచ్చినాను. రాసినాడు. బలపంతో కాదు, పలకలకు గీతలు గీసే ఇనుప మొలతో.

"తుడువు."

"ఇది పోదు సార్."

"పోదంటే ఏంది?"

"పోకూడదనే గీసినా. వాని మొగాన పెట్టి చదివిస్తా." మొల ఇంకా పిడికిట్లోనే ఉంది.

బయటి నుంచి దుకాణదారు కొడుకు గొంతు వినపడింది. "ఏం బావా, సార్ చాటున దాక్కున్నావా?"

వీడు లేచినాడు. నేను వాకిలికి అడ్డం నిలబడినాను. నా బక్క ఒంటికి అడ్డమనే మాట కొంచెం ఎక్కువే.

"నా పలక పాడు చేసినావు," అన్నాను. ఇంకేమీ తోచలేదు. "బాగుచేసి పో."

రాయి పనివాళ్ళ ఇంట్లో పలక పాడుచేసినాడంటే తలవంపులు. వాడు నన్ను కొరకొరా చూసినాడు. మొల కింద పారేసి, మూలనున్న నీళ్ళతొట్టి దగ్గర కూర్చుని, ఇసుక, నీళ్ళు పోసి రుద్దడం మొదలుపెట్టినాడు. నేను మొల మీద కాలు పెట్టినాను.

దుకాణదారు కొడుకు లోపలికి వచ్చినాడు. ఇసుక గరగర ఒక్కటే. పలక జారిపోతా ఉంది.

"పట్టుకో," అన్నాడు వీడు, తల ఎత్తకుండా.

వాడు నా వైపు చూసి, మెల్లగా కూర్చుని, అంచు పట్టుకున్నాడు. చెరగక మిగిలింది చదివినాడు.

"మా యమ్మనెందుకు రాసినావు?"

"మా నాయననెందుకు అన్నావు?"

వాడు ఒక చేత్తో తొట్టిలోంచి ఇంకిన్ని నీళ్ళు తీసి పలక మీద పోసినాడు.

"మీ యమ్మను రాసిన దగ్గరే రుద్దుతుండా. కదలకుండా పట్టుకో బావా."

నేను మాత్రం మొల మీది నుంచి కాలు తీయలేదు.