స్లాబుకి ఇరవై ఒక్క రోజులు

మా ఆయన తాపీ మేస్త్రీ. సముద్రం ఒడ్డున మా ఇల్లు ఉండిన చోట ఇప్పుడు నీళ్ళున్నాయి. అందుకని ఇబ్రహీంపట్నం వచ్చి, పద్ధెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో పై గదిలో అద్దెకున్నాం. ఆ గదికి స్లాబు వేసింది కూడా ఆయనే. ఆయనకి కిడ్నీలు రెండూ పాడైన రెండో ఏడు, ఒక మధ్యాహ్నం ఇంటిగలావిడ పైకి వచ్చింది. గిన్నెతో పెరుగు తెచ్చింది. ఆవిడ ఎప్పుడూ ఉత్త చేతులతో రాదు. నన్ను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించింది.

"చెల్లె, ఏమనుకోకు. మా ఆయనకు గిసొంటివి మస్తు పట్టింపు. అన్నకు ఏమన్న అయితే ఇంటికి తేవద్దంటున్నడు. దవాఖాన నుంచి గట్లనే తీస్కపోవాలె. పదకొండు దినాలు గూడ ఈడ చెయ్యనియ్యడు."

"మరెక్కడ చెయ్యాలక్కా?"

"గదే నాకూ సమజైతలేదు," అంది. "పెరుగు పులుస్తది, జల్ది తినుండ్రి."

ఆవిడ చెడ్డది కాదు. ఈ చుట్టుపక్కల అద్దె ఇళ్ళన్నింటిలోనూ అదే కట్టడి. అద్దెకున్నవాళ్ళు పోతే ఇంటికి అరిష్టమని శవాన్ని గేటు దాటనివ్వరు. వెనక వీధి ముసలమ్మను అంబులెన్సులోంచి దించకుండానే తీసుకుపోయారు. పదకొండో రోజు కొడుకు చెరువు కట్ట కింద చేసుకుంటుంటే వాన పడింది. పిండాల మీద పట్టిన గొడుగు ఆకుపచ్చది, ఒక పుల్ల విరిగి ఉంది.

లోపలికి వస్తే మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"విన్నానులే," అన్నాడు. "వార్డు మీటింగు ఎప్పుడో కనుక్కో."

మీటింగు అంగన్‌వాడీ ముందు పెట్టారు. వచ్చే బడ్జెట్టులో మన వార్డుకి ఏం కావాలో చెప్పమన్నారు. మురుగు మోరీలన్నారు, వీధి దీపాలన్నారు, కుక్కల మీద చాలాసేపు మాట్లాడారు. నేను లేచి, అద్దెకున్నవాళ్ళు పోతే ఉంచడానికి ఒక గది కావాలన్నాను. కౌన్సిలరు రాసుకునేవాడల్లా పెన్ను ఆపాడు.

"ఎవలన్న పోయిన్రా అక్క?"

"ఇంకా పోలేదు."

వెనకనుంచి ఒకాయన, "కుక్కల ముచ్చట నడుస్తుంటే మధ్యల చావులేంది?" అన్నాడు. అతని పక్కనున్న ముసలాయన తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "కుక్కల ఆపరేషన్లకు పైసలున్నయ్‌గా, కిరాయోళ్ళ చావుకే లేవా? నువ్వూ కిరాయికే ఉంటున్నవ్ గద, ఊకో."

కొంతమంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ అంతగా తగిలేది కాదు.

కౌన్సిలరు నన్ను మునిసిపాలిటీ ఆఫీసుకి రమ్మన్నాడు. అక్కడ లెక్కల సారు పెద్ద పుస్తకం ముందేసుకుని, పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. రోడ్లకి పద్దు ఉంది, పార్కులకి ఉంది, మొక్కలకి నీళ్ళు పోసే ట్యాంకరుకి ఉంది.

"కిరాయిదార్ల శవాల గది అని పద్దు యాడా లేదక్క. గట్ల రాస్తే పైకెల్లి కొట్టేస్తరు. శ్మశానం మరమ్మతులని ఒకటుంది, అండ్ల ఇమిడిస్తం. కాకుంటే గది ఆడనే కట్టాలె, కాష్టాల పక్కన. నడుస్తదా?"

"నడుస్తుంది సారూ."

బడ్జెట్టు పెట్టిన రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల, బడిలో హాజరు పిలిచినట్టు, పద్దులు చదివారు. మాది వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టేనట.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన మొదట అడిగింది, "పునాది ఎంత లోతు?" అని. అప్పటికే ఆయన మంచం దిగడం తగ్గిపోయింది. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకు రావడం, మిగతా రోజులు పడుకోవడం. ఎండలు ముదిరాక పని మొదలైంది. రోజూ సాయంత్రం నేను వెళ్ళి చూసొచ్చేదాన్ని.

"ఎంతవరకొచ్చింది?"

"గోడ మోకాలెత్తు లేచింది."

"నా మోకాలా, నీ మోకాలా?"

"నాదే."

"అయితే ఏమీ లేవలేదన్నమాట."

తను ఏ గది గురించి అడుగుతున్నాడో ఆయనకి తెలుసు. ఆ గది తయారయ్యేదాకా తను ఉండాలని, లేకపోతే నన్ను రోడ్డు మీద కూర్చోబెడతారని ఆయన బెంగ. ఆ మాట మాత్రం ఒక్కసారీ అనలేదు. ఇటుక తడిపి పెడుతున్నారా, ఇసక జల్లెడ పడుతున్నారా అని అడిగేవాడు.

స్లాబు వేసిన రోజు, దాన్ని మోయడానికి కింద నిలబెట్టిన పోట్లు సరుగుడు బాదులని చెప్పాను. "అవి మన ఒడ్డు నుంచి వచ్చినవే," అన్నాడు. "ఎండాకాలం స్లాబు. పైన మడులు కట్టి నీళ్ళు నిలబెట్టాలి. ఇరవై ఒక్క రోజులు కిందున్న పోటు ఒక్కటి కదపనివ్వకు," అన్నాడు.

నీళ్ళు పట్టేవాళ్ళు రెండు రోజులొచ్చి మానేశారు. నేనే ప్లాస్టిక్ బిందె పట్టుకుని నిచ్చెన ఎక్కాను. ఆడవాళ్ళు వెళ్ళని చోటు అది. కాటికాపరి మొదటి రోజు చూసి ఊరుకున్నాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి బోరు మోటారు వేసి ఉంచాడు.

స్లాబు వేసిన పదకొండో రోజు మా ఆయన దవాఖానలోనే పోయాడు.

అంబులెన్సు మా గేటు ముందు ఆగింది. ఇంటిగలావిడ లోపలివైపు గేటు పట్టుకుని నిలబడింది. ఆవిడ భర్త మిద్దె మీద ఉన్నాడు. కౌన్సిలరు బండి మీద వచ్చాడు.

"అక్క, పరేషాన్ గాకు. స్లాబు కింద సెంట్రింగ్ తీపిస్త, రెండు గంటల పని. సక్కగ గదిలనే పండవెడదాం."

"వద్దన్నా. పదకొండు రోజులే అయింది."

"ఏం కాదక్క. నీ మొగుని కోసమే గద కట్టించింది."

"ఆయన ఒప్పుకోడు."

కౌన్సిలరు ఫోను తీసి షామియానా తెమ్మన్నాడు. రోడ్డు మీదే పడుకోబెట్టాం. ఊరి నుంచి ఆయన తమ్ముడు రావడానికి మధ్యాహ్నమయింది. ఎండ జరిగినప్పుడల్లా నీడలోకి మార్చారు, మూడుసార్లు. మూడోసారి మార్చినప్పుడు ఆయన కుడిచేతి వేళ్ళ మీద సిమెంటు తిన్న పాత మచ్చలు కనిపించాయి. రెండేళ్ళుగా తాపీ పట్టని చెయ్యి. నేను చూస్తూ కూర్చున్నాను. ఏడవమని ఎవరో వీపు మీద చెయ్యి వేశారు.

దహనం అయిపోయి, సాయంత్రం అందరూ స్నానాలకి వెళ్ళాక, స్లాబుకి నీళ్ళు పట్టలేదని గుర్తొచ్చింది.

రాత్రిళ్ళు పై గదిలో నేను పడుకోవడానికి ఇంటిగలవాళ్ళు అడ్డు చెప్పలేదు. పోయినవాళ్ళకి పెట్టే దీపం మాత్రం అక్కడ పెట్టొద్దన్నారు. అందుకని దీపాన్ని ఆ కట్టుబడి దగ్గర ఇటుకల చాటున పెట్టి, పగలంతా నేనూ దాని దగ్గరే ఉండేదాన్ని. మడుల్లో నీళ్ళు ఇంకిపోగానే మళ్ళీ పోసేదాన్ని. మైలలో ఉన్న మనిషి ఇలా తిరగకూడదని ఒకరిద్దరు అన్నారు. నేను విన్నాను. కాటికాపరి తన భార్యతో నాకు రోజూ ఒక గ్లాసు టీ పంపేవాడు.

ఆయన పోయిన పదకొండో రోజుకే స్లాబుకి ఇరవై ఒకటి నిండాయి. పొద్దున్నే వచ్చి బాదులు ఒక్కొక్కటే తీశారు. నేను తలుపు లేని గుమ్మంలో నిలబడి పైకి చూశాను. చెక్కల గీతలు స్లాబుకి అచ్చు పడ్డాయి. మరిది గది మధ్యలో కూర్చుని కర్మ చేశాడు.

కార్యం అయ్యాక ఇంటిగలావిడ వచ్చింది. చేతిలో పెరుగు గిన్నె ఉంది. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికొచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది.

"బయట గంత ఎండ గొడ్తుంది గని, లోపట మస్తు సల్లగుంది చెల్లె."

"నీళ్ళు పట్టాం కదక్కా," అన్నాను.

ఆవిడ పైకి చూసింది. నేనూ చూశాను. ఎక్కడా పగులు లేదు.