కాగితంలో లేదు అన్నయ్యా!

చిన్నల్లుడు కాగితం లేనిదే బేస్ గిటారు ముట్టుకోడు. నాలుగు తీగలకు నాలుగు గీతలు, వాటి మీద అంకెలు. ఏ గీత మీద ఏ అంకె ఉంటే ఆ తీగ మీద ఆ మెట్టు నొక్కాలి. దాన్ని ట్యాబ్ అంటారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఏ పనైనా బొమ్మ చూసే చేయాలంటాడు. ఆఖరికి టీ పెట్టడానికి కూడా నాలుగు గీతలు గీసుకున్నాడు: నీళ్లు, పాలు, పొడి, పంచదార. పాలు పొంగిపోతున్నాయని భార్య అరిస్తే, "పొంగడం కాగితంలో లేదే!" అన్నాడట.

ఇదంతా చూసి పెద్దల్లుడికి ఒళ్లు మండేది. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. గర్వం మాత్రం చెవుల మీద. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, గిటారు మీద పలికించి పాడేస్తాడు. అత్తవారింట సంగీతమంటే ఆయనే. అలాంటిది, ఈ అంకెల మనిషి వచ్చాక మామగారు, "మా చిన్నల్లుడు వాయిస్తుంటే కుర్చీ కూడా ఊగుతుందయ్యా!" అనడం మొదలుపెట్టారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అని పెద్దల్లుడు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

"తమ్ముడూ, ఇక్కడ కాస్త సాగదీయి, బాగుంటుంది."

"కాగితంలో లేదు అన్నయ్యా."

"పోనీ, నేను పాడేది విను."

"వింటే అంకె తప్పిపోతుంది అన్నయ్యా."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉందని పెద్దల్లుడు లోలోపల సంతోషించేవాడు. ఎంతైనా ఇంట్లో చెవి తనొక్కడికే ఉంది మరి.

అత్తగారు బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యే రోజున, ఆవిడకిష్టమైన పాట ఇద్దరల్లుళ్లూ కలిసి వినిపించాలన్నారు. ఆ రోజు హాల్లో మామగారు ముందువరసలో కూర్చుని పక్కవాళ్లతో, "ఆ బేస్ గిటారు వాయించేది మా చిన్నల్లుడే!" అంటున్నారు. మరి పక్కన పాడేవాడు దారినపోయే దానయ్యా? పెద్దల్లుడు కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. అందరూ పూలగుత్తులిచ్చే హడావుడిలో ఉండగా స్టాండు మీది ట్యాబ్ మడిచి జేబులో వేసుకున్నాడు.

చిన్నల్లుడు ఖాళీ స్టాండు చూశాడు. సంచిలోంచి లిఫ్టుల మరమ్మతు పుస్తకం తీసి దాని మీద పెట్టి మొదలుపెట్టాడు. ఒక్క అంకె తప్పలేదు. పల్లవి అయ్యాక పేజీ కూడా తిప్పాడు!

ఆ ఆశ్చర్యంలో పెద్దల్లుడే తప్పాడు. మొదటి చరణం అవగానే రెండోది వదిలేసి మూడోది అందుకున్నాడు. పాట ఒక దారి, వాయిద్యం ఒక దారి అయితే అత్తగారి ముందు పరువు పోయినట్టే. కానీ చిన్నల్లుడు ఆయన నోటినే చూస్తూ తడబడకుండా వెంట వచ్చేశాడు. పైగా, ఎన్నాళ్లుగానో అడుగుతున్న చోట కాస్త సాగదీశాడు కూడా.

చప్పట్లు మోగాయి. మామగారు "మా చిన్నల్లుడు..." అని మొదలుపెట్టేలోపే అతను అందుకున్నాడు. "నాదేముంది మామగారూ, కాగితంలో ఉన్నదే. పాట నడిపించింది అన్నయ్య."

పెద్దల్లుడు అతన్ని పక్కకు లాగాడు. "కాగితం నా జేబులో ఉంది" అని గొణిగాడు.

"తెలుసు అన్నయ్యా. మీరు తీస్తుంటే చూశాను."

"అయితే ఇన్నాళ్లూ...?"

"మొదట్లో నిజంగానే చూసి వాయించాను. తర్వాత మీ పాట వినీ వినీ వచ్చేసింది. అయినా ఇంట్లో చెవి ఉన్నవాడు ఒకడు చాలన్నయ్యా. ఇద్దరుంటే మామగారు రోజూ పోటీ పెడతారు."

అంతలో "ఇంకోసారి!" అని హాల్లో కేకలు. పెద్దల్లుడు జేబులోని ట్యాబ్ తీసి, మడతలు సాపుచేసి, తనే స్టాండు మీద పెట్టాడు. సగం పాడాక గానీ చూసుకోలేదు, దాన్ని తలకిందులుగా పెట్టానని. చిన్నల్లుడు మాత్రం అందులోకే కళ్లప్పగించి వాయిస్తున్నాడు.

"ఎంత శ్రద్ధో చూడండి!" అన్నారు మామగారు.

అసూయపడదామనుకున్న పెద్దల్లుడికి నవ్వు ఆగక పల్లవి తప్పింది. చిన్నల్లుడు అక్కడా వెంటే వచ్చాడు.