నల్లోడి ఒంటికి రాసిన మందు

ఇవాళ మా అమ్మాయి కుక్కపిల్లకి ఏదో తెల్లపొడి చల్లి దువ్వుతోంది. స్నానం చేయించని రోజుల్లో అది చాలట, ఏలూరులో కొనుక్కొచ్చింది. నాకు మాత్రం గణపవరం పెరట్లో మా మామ్మ వెచ్చజేసిన తవుడు వాసనొచ్చింది.

చేపల చెరువుల పక్కన పెరిగినవాళ్లకి గుర్తుందా అండీ? మన కుక్కల దగ్గర ఎప్పుడూ బురద కంపే. చలికాలం నీళ్లు పోయకుండా మామ్మ మా కుక్క నల్లోడి ఒంటికి గోరువెచ్చటి తవుడు పట్టించి, కొబ్బరి పీచుతో దులిపేది. చెవుల్లో రక్తం తాగే గోమార్లని ఓపిగ్గా పీకి కిరసనాయిల్లో వేసేది.

ఓ ఏడాది గోమార్లు మరీ ఎక్కువైపోయాయి. చెరువు పనులు చూసే మా బాబాయి, చేపలకి పేను పడితే పోసే మందు తెచ్చాడు.

"వద్దురా, వాడు ఒళ్లు నాక్కుంటాడు," అంది మామ్మ.

"చెరువులో పోస్తే చేపలకే ఏం కావట్లేదు. వీడికీ ఏం కాదులే అమ్మా."

చేపలకైతే అది చెరువంత నీళ్లలో కలుస్తుందన్న సంగతి ఆయనకి తట్టలేదు. చుక్క నీళ్లు కలపకుండా, గుడ్డతో ఒళ్లంతా ప్రేమగా తుడిచాడు.

సాయంత్రానికి నల్లోడి నోట నురగ, ఒళ్లంతా వణుకు. బాబాయి ఏడుస్తూ బకెట్లతో నీళ్లు పోశాడు. వాడి ఊపిరి ఆగిపోయాక కూడా పోస్తూనే ఉన్నాడు.

ఇందాక కుక్కపిల్ల ఆ పొడి నాక్కోబోతే గబుక్కున మూతి పట్టేసుకున్నాను.

"ఏం కాదు నాన్నా, డబ్బా మీద రాశారుగా," అంది అమ్మాయి.

మా బాబాయి కూడా ఏం కాదనే అన్నాడు. ఆ మూతి వదలడానికి నాకు చెయ్యి రాలేదండీ.